గ్రాములు, తగినంత, కూలి

నేను డాక్టరేటు చేసింది తెలుగు స్త్రీల కథల్లో వంటిల్లు గురించి. పొయ్యి, పొగ, అంట్లు, మసిగుడ్డ ఎక్కడ కనిపిస్తే అక్కడ పెన్సిలుతో గీతలు గీస్తూ ఆరేళ్ళు గడిపాను. ఇల్లు అలికి అలికి తన పేరే మరిచిపోయిన ఇల్లాలి మీద, అంటే పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ కథ మీద, ఒక అధ్యాయమే ఉంది నా సిద్ధాంత గ్రంథంలో. విమల ‘వంటిల్లు’ కవితని ఎన్ని సెమినార్లలో ఎత్తుకున్నానో నాకే లెక్క లేదు. అయినా వంటలో ఉండే సుఖం గురించి ఆ గ్రంథంలో ఒక్క పేజీ లేదు. ఆ కథల్లోనూ పెద్దగా లేదు. లేకపోవడానికి కారణం ఉంది. పొగ గురించి చెప్పకుండా రుచి గురించి చెప్పడం అంతకుముందు వందేళ్ళుగా మగవాళ్ళు చేస్తూ వచ్చిన పని. ఆ తరం రచయిత్రులు ముందు పొగ గురించి చెప్పాల్సి వచ్చింది.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, కిందటి ఏడాది ఒక స్నేహితురాలు నాకు బేకింగు పుస్తకం పంపింది. ఇంగ్లీషు పుస్తకం. మందపాటి అట్ట, పేజీ పేజీకీ రంగుల బొమ్మలు. సాహిత్యం చదువుకున్న మనిషికి వంటల పుస్తకమేమిటని పక్కన పెట్టబోయి, పడుకునే ముందు నాలుగు పేజీలు తిరగేశాను. అర్ధరాత్రి దాకా చదువుతూనే ఉన్నాను. నవల చదివినట్టు కాదు, రైల్వే టైంటేబులు చదివినట్టు. ఎక్కడ ఎక్కితే ఎక్కడ దిగుతామో తెలిసిపోయే చదువు అది. ఆ నెలలోనే కాలేజీలో ఇల్లు మారుతున్న ఒకావిడ దగ్గర పాత ఓటీజీ ఓవెన్ చవగ్గా కొన్నాను. నేను గెస్టు లెక్చరర్ని. సెలవుల్లో జీతం రాదు, కాబట్టి సెలవులు ఇస్తే పుస్తకం, ఓవెన్, చిన్న కాటా అన్నీ మూటగట్టుకుని మఠంపల్లి వచ్చేశాను.

మా ఊరు తెలియనివాళ్ళకి రెండు మాటలు. సూర్యాపేట జిల్లా, హుజూర్‌నగర్ పక్కన. ఇటు మట్టపల్లి నరసింహస్వామి గుడి, కృష్ణ ఒడ్డు. అటు సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీలు. సాగర్ ఎడమ కాలువ నీళ్ళొచ్చాక జొన్న పోయి వరి వచ్చిన నేల. మా నాన్న సిమెంటు బస్తాలు లారీలకెత్తే కూలి. అమ్మ మండలంలోని ఒక బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. మేం క్రైస్తవులం, వాడ వాళ్ళం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు పుణ్యమా అని కాగితం మీద బీసీ-సి. కాగితం మీద మారింది గానీ వాడ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఓవెన్ దింపుతుంటే అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. “ఏందే ఇది? ఇంత చదువు చదివి మళ్ల పొయ్యికాడికే వస్తివి?” అంది. నవ్వుతూనే అంది. కానీ ఆ మాట చిన్నది కాదు. నన్ను పొయ్యి దగ్గరికి రానీయకుండా పెంచడమే ఆమె జీవితంలో చేసిన పెద్ద పని. హాస్టల్లో ఉంటే అన్నం కలిసి రాకపోయినా పరవాలేదు, ఇంట్లో ఉంటే గరిటె చేతికొస్తుందని నన్ను ఆరో తరగతిలోనే హాస్టల్లో వేసింది. ముప్పై దాటాక నేను వెన్న, మైదా ముందేసుకుని కూర్చుంటే ఆమెకి ఎట్లా ఉంటుందో ఊహించుకోవచ్చు.

మొదటి కేకు మే నెలలో. పుస్తకం ఏమంటుందంటే, వెన్న గది ఉష్ణోగ్రతలో ఉండాలి, చక్కెరతో కలిపి తెల్లగా, నురగలాగా అయ్యేదాకా గిలకొట్టాలి. ఇందులో ఒక కిటుకు ఉంది. చక్కెర పలుకులు వెన్నలోకి గుచ్చుకుంటూ గాలిని లోపలికి తీసుకుపోతాయి. కేకు పొంగేది ఆ గాలి బుడగల వల్ల. బేకింగ్ పౌడర్ కొత్తగా బుడగల్ని పుట్టించదు, ఉన్నవాటిని పెద్దవి చేస్తుందంతే. అందుకని వెన్న మెత్తగా ఉండాలి, కరగకూడదు. ఆ పుస్తకం లెక్కలో గది అంటే 18 నుంచి 21 డిగ్రీలు. మా దగ్గర మే నెలలో ఎండ 44 దాటుతుంది. రేకుల కింద ఇల్లు ఇంకా వేడి. పొట్లం విప్పి, గిన్నెలో వేసి, చక్కెర తూచేలోగా వెన్న నెయ్యిలా పారింది. అమ్మ తొంగి చూసి, “పుస్తకంల చల్లటి ఊరు ఉన్నట్టుంది” అంది.

స్త్రీ రాయాలంటే డబ్బూ, సొంత గదీ కావాలని వర్జీనియా ఉల్ఫ్ 1929లో రాసింది. నేను దాన్ని ఏటా పాఠం చెబుతాను. ఆ గది ఎన్ని డిగ్రీల్లో ఉండాలో అడగాలని నాకెప్పుడూ తట్టలేదు. ప్రతి పుస్తకం వెనకా ఒక గది ఉంటుంది. రాసినామె తన గదిని చూడదు, చదివేవాళ్ళ గదీ అట్లాగే ఉంటుందనుకుంటుంది. ఈస్టు రొట్టెకి ఇంకో తమాషా. పిండి రెట్టింపు కావడానికి గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుందని పుస్తకం. మా ఇంట్లో నలభై నిమిషాల్లో మూత తన్నుకుని బయటికొచ్చింది. ఆ గది నాకు వెన్న విషయంలో ఇచ్చిన కష్టాన్ని రొట్టె విషయంలో తీర్చేసింది.

వెన్నకి దారి అమ్మే చూపించింది. ఆమె లేచేది తెల్లారుజామున నాలుగింటికి. ఆ వేళకి నన్నూ లేపింది. ఫ్రిజ్‌లోంచి తీసిన వెన్న గిన్నెని రంజన్ నీళ్ళు పోసిన బేసిన్‌లో పెట్టి, పప్పు కవ్వంతో తనే గిలకొట్టింది. పదినిమిషాల్లో తెల్లగా వచ్చింది. నాకు మిక్సర్ లేదు, ఆమె చెయ్యి ఉంది. ఆ కేకు బాగా వచ్చింది. నాన్న రెండు ముక్కలు తిని, ఇంకోటి అడిగి, గిన్నె అక్కడే వదిలేసి పనికి పోయాడు. కేకు కొత్తదైనా గిన్నె పాతదే.

ఆ తర్వాత నిజంగానే సంతోషంగా గడిచింది. అరటిపండు కేకు, బెల్లం కేకు, సొంటి బిస్కెట్లు, పాలరొట్టె. ఇంట్లో వాసన మారిపోయింది. ఓవెన్‌కి ముందు మా వాడలో కేకు లేదని కాదు. క్రిస్మస్‌కి కుక్కర్‌లో ఇసుక పోసి, గ్యాస్కెట్టు, విజిల్ తీసేసి, లోపల గిన్నె పెట్టి కాల్చేవాళ్ళు కొందరు. ఎక్కువమంది మాత్రం అరిసెలు, లడ్డూలు, గులాబీ పువ్వులు చేసేవాళ్ళు. గులాబీ పువ్వుల సంగతి ఆలోచిస్తే నాకు నవ్వొస్తుంది. ఆ ఇనుప అచ్చుతో నూనెలో ముంచి తీసే పువ్వు కేరళలో అచ్చప్పం, ఆంగ్లో ఇండియన్ ఇళ్ళల్లో రోజ్ కుకీ, ఉత్తరాన స్వీడన్, నార్వేల దాకా దాని అక్కచెల్లెళ్ళు ఉన్నాయి. మా అమ్మమ్మ దాన్ని పరాయి వంటకం అనుకోలేదు. అచ్చు చేతికొచ్చింది, పిండి తెలిసిందే, అంతే.

సంతోషం అన్నాను కదా, దాన్ని కొంచెం విడదీసి చూడాలనిపించింది. ఎందుకు ఇంత బాగుంది? ఒక కారణం గ్రాములు. నేను ఆడపిల్లగా విన్న వంట భాషంతా ‘తగినంత’ భాష. ఉప్పు తగినంత, నీళ్ళు సరిపడా, పాకం వచ్చేదాకా, వాసన పోయేదాకా. మన తెలుగు వంటల పుస్తకాలు కూడా చాలాకాలం అదే భాషలో నడిచాయి. పెళ్ళిలో కూతురికి పుస్తకం ఇచ్చే ఇళ్ళల్లో మాలతీ చందూర్ గారి ‘వంటలు-పిండివంటలు’ ఇచ్చేవాళ్ళు. దశాబ్దాలపాటు ‘ఆంధ్రప్రభ’ వారపత్రికలో ప్రమదావనం నడిపిన మనిషి, ‘హృదయనేత్రి’కి 1992లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న నవలా రచయిత్రి. అయినా ఎన్నో ఇళ్ళల్లో ఆమె పేరు నిలబడింది ఈ వంటల పుస్తకంతో. సాహిత్యం వాళ్ళు దాన్ని ఆమె రచనల జాబితాలో చివర్న, కాస్త సిగ్గుపడుతున్నట్టు పెడతారు. నేనైతే ముందు పెడతాను. మొగుడి ఉద్యోగంతో మద్రాసో, భిలాయో, బొంబాయో పోయి, అమ్మా అత్తా లేని వంటింట్లో ఒంటరిగా నిలబడ్డ ఇరవై ఏళ్ళ పిల్లకి అచ్చులో ఉన్న కొలత ఎంత ధైర్యమో ఆలోచించండి. ‘తగినంత’ తప్పితే తిట్లు ఎప్పుడూ కోడలికే. కొలత రాసి ఉంటే, “పుస్తకంలో ఇట్లాగే ఉంది” అని ఒక మాట చెప్పుకోవచ్చు.

మానవశాస్త్రవేత్త అర్జున్ అప్పాదురై 1988లో భారతదేశపు వంటల పుస్తకాల మీద ఒక వ్యాసం రాశాడు. పట్టణాల మధ్యతరగతి స్త్రీలు ఒకరి ప్రాంతపు వంట ఒకరు నేర్చుకుంటూ, ఈ పుస్తకాల ద్వారా ‘భారతీయ వంట’ అనే ఒక కొత్తదాన్ని తయారుచేశారన్నది అందులో ముఖ్యమైన మాట. అమెరికాలో ఫానీ ఫార్మర్ 1896లో తన పుస్తకంలో కప్పుల్నీ చెంచాల్నీ అంచుకి సమంగా చదునుచేసి కొలవమని పట్టుబట్టింది. గుప్పెడు, చిటికెడు, గుడ్డంత వెన్న అన్న లెక్కలు పోయి సమానమైన చెంచా వచ్చింది. మనం దాన్ని చాదస్తం అనుకోవచ్చు. కానీ ఎవరి దగ్గరా చేతులు కట్టుకుని నిలబడకుండా ఒక విద్య నేర్చుకునే వీలు అందులో ఉంది.

అలాగని ‘తగినంత’ని తీసిపారేయలేను. అరిసెల పాకం చూడండి. మా అమ్మ బెల్లం పాకంలోంచి ఒక చుక్క తీసి నీళ్ళ గిన్నెలో వేస్తుంది. వేళ్ళతో దగ్గరికి తీస్తే మెత్తగా ఉండ కట్టాలి. అప్పుడు తడి బియ్యప్పిండి పోస్తుంది. ఒక్క నిమిషం ముందైతే అరిసె నూనెలో విచ్చుకుపోతుంది, ఆలస్యమైతే రాయవుతుంది. నా ఇంగ్లీషు పుస్తకంలో చక్కెర పాకానికి ఒక పట్టిక ఉంది. 112 నుంచి 116 డిగ్రీల మధ్య మెత్తని ఉండ దశ, దానికో థర్మామీటరు కొనుక్కోవాలని సలహా. థర్మామీటరు లేకపోతే ఒక చుక్క చల్లటి నీళ్ళలో వేసి చూడమని కింద చిన్నక్షరాల్లో. ఆ చిన్నక్షరాల దగ్గర అమ్మని కూర్చోబెట్టి చదివి వినిపించాను. “మరి అంత పెద్దగ రాసుడెందుకు, ఇది ముందు రాయొచ్చుగా?” అంది. జొన్నరొట్టెకి వేడినీళ్ళు ఎందుకు పోస్తారో కూడా అట్లాగే. గోధుమలో సాగే గుణం జొన్నలో లేదు కాబట్టి, వేడినీళ్ళతో పిండి జిగురు పట్టేలా చేసి కలిపితే గానీ రొట్టె చేతిలో విరగకుండా నిలబడదు. ఇది పాఠంగా రాస్తే ఫుడ్ సైన్సు, వాడలో చేస్తే అలవాటు.

కాటా సంగతికొస్తాను. అమ్మకి గ్రాముల లెక్క వివరించబోయాను. మైదా 250, చక్కెర 200 అని మొదలుపెట్టగానే ఆమె ఆపింది. “నాకే గ్రాములు చెప్తున్నవా? పోరనికి వంద గ్రాముల బియ్యం, ఇరవై గ్రాముల పప్పు, యాభై గ్రాముల కూరగాయలు, ఐదు గ్రాముల నూనె. ఇరవై ఏండ్ల సంది అదే గదా నా పని.”

ప్రాథమిక బడి పిల్లలకి ప్రభుత్వం రాసిన కొలత అది. ఆరు నుంచి ఎనిమిది తరగతులకి 150, 30, 75, ఏడున్నర. తొంభై మంది పిల్లలొస్తే తొమ్మిది కిలోల బియ్యం, కిలో ఎనిమిది వందల పప్పు, నాలుగున్నర కిలోల కూరగాయలు, 450 గ్రాముల నూనె. అమ్మ ఇది కాగితం లేకుండా చెబుతుంది. పుస్తకంలో రొట్టెల అధ్యాయంలో ‘బేకరు శాతం’ అని ఒకటుంది. పిండి బరువుని నూరుగా పెట్టుకుని, నీళ్ళు అరవై, ఉప్పు రెండు, ఈస్టు ఒకటి, ఇలా మిగిలినవన్నీ దానికి లెక్కగట్టడం. నాకది అర్థం కావడానికి రెండు సాయంత్రాలు పట్టింది. అమ్మకి చెబితే, “తలకింత అన్నట్టే గదా” అని ఊరుకుంది. అంతే మరి.

ఈ గ్రాముల వెనక చరిత్ర ఉంది. బడుల్లో వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో మొదలైంది. వంట పని మహిళా సంఘాలకి ఇచ్చారు. అమ్మ అట్లా సంఘం తరఫున పొయ్యి ముట్టించింది. వంట మనుషుల్ని పెట్టుకునేటప్పుడు దళితులకి, ఆదివాసీలకి ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్లో సుప్రీంకోర్టు మరో ఉత్తర్వు ఇచ్చింది. కోర్టు ఆ మాట చెప్పాల్సి వచ్చిందంటేనే దేశంలో బడి వంటిళ్ళ చుట్టూ ఏం జరుగుతోందో తెలుస్తుంది. 2009లో కేంద్రం వంటచేసేవాళ్ళకి నెలకి వెయ్యి రూపాయలని నిర్ణయించింది, అదీ ఏడాదిలో పది నెలలకి. దానికి పెట్టిన పేరు గౌరవ వేతనం. బియ్యం గ్రాముల్లో, పప్పు గ్రాముల్లో, నూనె గ్రాముల్లో కొలిచిన ప్రభుత్వం వండే చేతికి మాత్రం ‘తగినంత’ గౌరవం అని రాసుకుంది. ఆ వెయ్యి ఏళ్ళతరబడి వెయ్యిగానే ఉంది. ఇవ్వాళ కిలో వెన్న ఖరీదు దాదాపు ఆరు వందలు. నేను సరదాగా చేసిన నాలుగైదు కేకుల్లో అప్పటి ఆమె నెల ‘గౌరవం’లో సగానికి పైన కరిగిపోయింది.

అమ్మ వండడం మొదలుపెట్టిన కొత్తల్లో కొందరు పిల్లలు ఇంటినుంచి డబ్బాలు తెచ్చుకునేవాళ్ళు. ఎవరూ ఏమీ అనలేదు. గొడవలు కాలేదు, పేపర్లలోకి ఎక్కలేదు. డబ్బాలు వచ్చాయి, అంతే. ఆ ఇళ్ళేవో ఇప్పటికీ అమ్మకి తెలుసు. కాలక్రమంలో డబ్బాలు తగ్గాయి. కోడిగుడ్డు పెట్టే రోజుల్లో ముందు తగ్గాయని అమ్మ నవ్వుతూ చెబుతుంది. పిల్లలకి ఆకలి ముందు, కులం తర్వాత. పెద్దవాళ్ళకి ఆ వరస తిరగబడుతుంది.

రొట్టెకీ, కులానికీ సంబంధం ఈ దేశంలో పాతదే. బెంగాల్లో రాజనారాయణ్ బసు 1846లో బ్రహ్మసమాజంలో చేరినప్పుడు, కులాన్ని లెక్కచేయడం లేదని చూపించడానికి బిస్కెట్టు తిని, షెర్రీ తాగాడు. ఒక బిస్కెట్టుకి అంత బరువుండేది. ఎవరి చేతి పిండో, ఎవరి చేతి నీళ్ళో తెలియదు కాబట్టి. మరి ఇవ్వాళ మన ఊళ్ళల్లో ఏ సెంటర్‌కి వెళ్ళినా ‘బెంగళూరు అయ్యంగార్ బేకరీ’ అన్న బోర్డు కనిపిస్తుంది. కర్ణాటకలోని హాసన్ ప్రాంతం నుంచి వచ్చిన అయ్యంగార్లు పందొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగళూరులో మొదలుపెట్టిన వ్యాపారం అది. తర్వాత ఆ పేరు చాలా ఊళ్ళకి పాకింది. అంటరాని వస్తువుగా ఉన్న రొట్టె మీద బ్రాహ్మణ కులం పేరు రాశాక అది అందరికీ తినదగ్గదయింది. లోపల పిండి పిసికేవాడు ఎవరో ఎవరూ అడగరు, బోర్డు చాలు. సంస్కరణల చరిత్రలో కూడా ఈ వంటమనిషి సంగతే మరుగున పడుతుంది. 1881లో రాజమండ్రిలో వీరేశలింగం గారు వితంతు వివాహం చేయిస్తే వంటవాళ్ళూ, నీళ్ళు మోసేవాళ్ళూ రావడం మానేశారు. రాజ్యలక్ష్మమ్మ గారు గోదావరి నీళ్ళు మోసి, వండి పెట్టింది. విగ్రహం మాత్రం పంతులుగారికి.

వంటల పుస్తకాల్లో మా వాడ వంట ఎక్కడుంది? మాలతీ చందూర్ గారి పుస్తకాన్ని ఎంత మెచ్చుకున్నా ఈ ప్రశ్న అడగక తప్పదు. నా కొత్త బేకింగు పుస్తకాన్నీ అడగాలి. మరాఠీలో షాహూ పాటోళే 2015లో మరాఠ్వాడా దళితుల వంటల మీద ఒక పుస్తకం రాస్తే, 2024లో అది ఇంగ్లీషులోకి వచ్చింది. తెలుగులో గోగు శ్యామల సంకలనం చేసిన ‘నల్లపొద్దు’ 2003లో వచ్చాక దళిత స్త్రీల గొంతు అచ్చులో వినపడింది. ఆకలి గురించి, తిండి గురించి అందులో చాలా ఉంది. కానీ కొలతలతో, బొమ్మలతో, ఇది మా ఇంటి వంట, ఇట్లా చేసుకోండి అని చెప్పే పుస్తకం వేరు. వంటకం రాయడమంటే అవతలివాళ్ళు మన చేతి వంట తింటారన్న నమ్మకంతో రాయడం. ఆ నమ్మకం అందరికీ ఒకేలా దొరకదు.

ఇంటి బేకింగు ఇప్పుడు మధ్యతరగతి స్త్రీలకి పెద్ద వ్యాపకం. హైదరాబాదులో ప్రతి అపార్టుమెంటులోనూ ఒక హోమ్ బేకర్ ఉంది. దాన్ని చిన్నచూపు చూడను. సొంత డబ్బు, సొంత పేరు వస్తున్నాయి. కానీ కేంద్ర ప్రభుత్వం 2019లో చేసిన కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు ఆ పని మీద గడిపారు. 2024 సర్వేలో అవి 289, 88. ఆడవాళ్ళకి పది నిమిషాలు తగ్గింది, మగవాళ్ళు కూడా న్యాయంగా తొమ్మిది తగ్గించుకున్నారు. ఈ లెక్కలో కేకు ఎక్కడ పడుతుంది? చాకిరీలోనా, సరదాలోనా? సర్వే చేసేవాళ్ళు ఎట్లా రాసుకున్నా, నాకు తేడా ఒకచోట తెలుస్తుంది. కేకు నేను రేపు చేయకపోయినా ఎవరూ అడగరు. అమ్మ వంట అట్లాంటిది కాదు. మానుకునే హక్కు ఉన్న వంటే నాకు సుఖమయింది. వంట రెండిట్లోనూ ఒకటే, మానుకోవడంలోనే తేడా అంతా.

వర్షాలు మొదలయ్యాక అమ్మ బడికి ఒక ట్రే బెల్లం కేకు తీసుకెళ్ళింది. నేను వద్దన్నాను, లెక్కలు, అనుమతులు అని భయపెట్టాను. “మిగిలినయి పంచిన అంటలే” అని తీసుకుపోయింది. మిగలలేదు, వాటికోసమే చేసింది. తొంభై ముక్కలు, ఒక్కొక్కటీ అగ్గిపెట్టెంత. సాయంత్రం ఖాళీ ట్రే పట్టుకుని నవ్వుతూ వచ్చింది. ఒకడు, “అవ్వా, ఇది బేకరీదా?” అని అడిగాడట. “మా బిడ్డ చేసింది, ఇంగ్లీషు బుక్కు చూసి” అని చెప్పిందట. ఆ మాట ఊళ్ళోకి పోయింది.

వారం తిరక్కుండా ఒక ముసలావిడ వచ్చింది. డబ్బాలు వచ్చిన ఇళ్ళల్లో ఒక ఇంటి పెద్దావిడ. మా వాకిట్లో వేపచెట్టు కింద నిలబడి, అమ్మని పేరుపెట్టి పిలిచి, “మీ పిల్ల కేకులు చేస్తదంట గదనే, పట్నంల నేర్చుకొచ్చిందంట. మా మనవడి పుట్టినరోజు శనివారం. గుడ్డు లేకుండ కిలో చేసియ్యరాదు?” అంది. అమ్మ, “కూసోండి దొర్సానమ్మా, నీళ్ళు తాగుతరా?” అంది. ఆ దొరసానమ్మ అన్న మాటకి నాకు ఒళ్ళు మండుతుంది, అమ్మ మానదు. ఆవిడ కూర్చోలేదు, నీళ్ళు వద్దంది, ఎండ పొద్దెక్కిందని వెళ్ళిపోయింది. ఆ రోజు మబ్బు పట్టి ఉంది.

నేను చెయ్యనన్నాను. ఇన్నేళ్ళు నీ అన్నం తినని ఇంటికి నేను కేకు చెయ్యడమేమిటని అడిగాను. అమ్మ బియ్యం ఏరుతూ, “నా అన్నమైతే నా చెయ్యి కనపడ్తది. నీ కేకుల పుస్తకం కనపడ్తది. చేతిని చూస్తలేరు, పుస్తకాన్ని చూస్తున్నరు” అంది. తర్వాత, “ఊకెనే ఎందుకు చేస్తం, పైసలకి చేస్తం” అని లేచింది. నేను ఇంకా వాదించేదాన్నే. కానీ వాదన నాది, పగ కూడా నాదే అనిపించేలా ఉంది ఆమె లేచిన తీరు. ఆమెకి అవతల ఒక పని దొరికింది.

గుడ్డు లేని కేకు పుస్తకంలో ఉంది. పెరుగులో పులుపు, సోడా కలిస్తే గ్యాసు పుట్టి పిండిని లేపుతుంది, అయితే కలిపిన వెంటనే ఓవెన్లో పెట్టాలి, ఆలస్యమైతే గాలి పోతుంది. అమ్మకి పెరుగూ సోడా కొత్త కాదు, బజ్జీల పిండిలో చూసిందే. శుక్రవారం రాత్రి అమ్మ, సంఘం లెక్కలు రాసే నోటుపుస్తకంలో కొత్త పేజీ తీసి కూర్చుంది. మైదా 15. చక్కెర 10. వెన్న 120. పాలు, పెరుగు 25. పౌడరు, సోడా, ఎసెన్సు 10. కరెంటు 10. అట్టడబ్బా 15. అన్నీ నన్ను అడిగి రాసింది. మొత్తం 205 అని నేను గీత గీయబోయాను. అమ్మ పెన్ను లాక్కుని, గీత పైన ఇంకో వరస రాసింది: కూలి 200. మిరపతోటలో సగం పూట కూలి పైన చూసి వేసిందట. దాని కింద మిగులు 45.

“మిగులెందుకమ్మా?” అన్నాను.

“మల్ల మైదా కొనొద్దా?” అంది.

శనివారం పొద్దున ఆవిడ మనవడిని స్కూటీ మీద పంపకుండా తనే వచ్చింది. మళ్ళీ వేపచెట్టు కిందే. డబ్బా మూత తీసి చూసుకుంది, బాగుందంది. ధర వినగానే, “హుజూర్‌నగర్ల నాలుగు వందలకే ఇస్తరు గదనే” అంది. అమ్మ, “అక్కడ తెచ్చుకోవచ్చు దొర్సానమ్మా, ఇది ఇక్కడ చేసింది” అంది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. ఆవిడ కాసేపు కొంగుముడి విప్పుతూ నిలబడి, నాలుగు వందలు ఇచ్చి, మిగతాది మనవడితో పంపుతానంది. అమ్మ నోటుపుస్తకంలో ఆ వరస కింద చిన్నగా రాసిపెట్టింది. యాభై ఇంకా రావాల్సి ఉంది.